ఊరి ఇల్లు: కొలవడం, అడగడం, రాయడం

ఏప్రిల్‌లో కొత్త తరగతులు మొదలైన రెండో వారం. పాఠంలో ‘లోగిలి’ అనే మాట వచ్చింది. అర్థం చెప్పే ముందు, మీ ఇంట్లో ఏమేం భాగాలున్నాయో చెప్పండని పిల్లలను అడిగాం. హాలు, కిచెన్, బెడ్‌రూమ్, గ్యాలరీ. గ్యాలరీ అంటే సూరత్‌లో బాల్కనీ. ఇరవై రెండు మందిలో ఇరవై ఒక్కరు ఈ నాలుగు మాటలే చెప్పారు. చివరి బెంచీలోని అమ్మాయి మాత్రం లేచి, ‘‘మా అవ్వ గదిని అర్ర అంటది. గడపను కడప అంటది. అవి కూడా చెప్పొచ్చా?’’ అని అడిగింది.

తరగతి నవ్వింది. ఆ అమ్మాయి కూర్చుండిపోయింది. ఆ మాటలు పాఠ్యపుస్తకంలో లేవు. అలాగని తప్పు మాటలూ కావు. ఆ రోజు పాఠం పక్కన పెట్టి, బోర్డు మీద ఆ రెండు మాటలే పెద్దగా రాశాం. మిగిలిన పిల్లలను కూడా ఇంటికి వెళ్లి ముసలివాళ్లను అడిగి రమ్మన్నాం. మర్నాటికి బోర్డు సరిపోలేదు. మేము చేసిన పని, చెయ్యబోయే పని, మధ్యలో చేసిన పొరపాట్లు ఈ పాఠంలో రాస్తున్నాం. మిగతా విద్యాలయాల్లోని పిల్లలకూ పనికొస్తుందని మా ఆశ.

ముందు మేమెవరమో చెప్పాలి. మా తెలుగు తరగతి చిన్నది. పిల్లల్లో ఎక్కువమంది పర్వత్ పాటియా నుంచి, కొందరు లింబాయత్, డిండోలీ వైపు నుంచి వస్తారు. పర్వత్ పాటియా సూరత్ నగరానికి తూర్పు వైపున, కడోదరా వెళ్లే దారిలో ఉంటుంది. ఒకపక్క బట్టల మార్కెట్లు, ఇంకోపక్క ఒకదానికొకటి ఆనుకొని కట్టిన వరుస ఇళ్లు. ఈ పిల్లల తాతలు, తండ్రులు కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మెదక్ జిల్లాల చేనేత కుటుంబాల నుంచి పవర్‌లూమ్ పనికి వచ్చినవారు. సిరిసిల్లలో పవర్‌లూమ్‌ను సాంచా అంటారు. ఇక్కడా దాదాపు అదే మాట. ఊరు మారినా సాంచా వెంట వచ్చింది, ఇల్లు మాత్రం అక్కడే ఉండిపోయింది. సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, హిందీ, మరాఠీలతో పాటు తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతోందంటే, ఇక్కడ మనవాళ్లు ఎంతమంది ఉన్నారో ఊహించుకోవచ్చు.

ఇక పంతులు సంగతి. పదేళ్ల ఉద్యోగంలో మాకు ఇది అయిదో ఊరు. బయట ఇళ్లు మారుతూ వచ్చాయి. అస్సాంలో వెదురు తడికల మీద మట్టి మెత్తిన గోడలు చూశాం, రాజస్థాన్‌లో రాతి పలకల కప్పులు చూశాం. క్వార్టరు మాత్రం ఎక్కడికి వెళ్లినా ఒకటే. కరెంటు పోయినా స్విచ్ ఎక్కడుందో చేతికి తెలుస్తుంది. అలాంటి గదుల్లో ఉంటున్న మనిషికి, పుట్టిన ఊరి ఇంటి భాగాల పేర్లు ఒక్కొక్కటే జారిపోతున్నాయని ఆ అమ్మాయి అడిగేదాకా తట్టలేదు.

వేసవి సెలవుల్లో ఊరికి వెళ్లేవాళ్లు తాతల ఇంటిని కొలిచి తేవాలని పని పెట్టాం. అంతకుముందు ఊరి ఇంటి బొమ్మ వేయమంటే అందరూ ఒకటే వేశారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, ఎర్రటి వాలు కప్పు, పక్కన కొబ్బరి చెట్టు. వీళ్ల ఊళ్లలో వేపచెట్టు, తాటిచెట్టు ఉంటాయి గానీ కొబ్బరి చెట్టు అనుమానమే. అది డ్రాయింగ్ పరీక్ష ఇల్లు, తాత ఇల్లు కాదు. కాబట్టి ఈసారి బొమ్మ వద్దు, కొలత కావాలన్నాం.

కొలతకు కావలసినవి ఒక పొడవాటి టేపు, గళ్ల కాగితం, పెన్సిలు, దిక్కు చూడటానికి ఫోను. కాగితం మీద ఒక సెంటీమీటరు అంటే ఇంట్లో యాభై సెంటీమీటర్లు అనుకుంటే మామూలు ఇల్లు ఒక పేజీలో పడుతుంది. ముందు వాకిట్లో నిలబడి ఉత్తరం ఎటో గుర్తు వేసుకోవాలి. తర్వాత గోడలు. ఇక్కడే అందరూ మోసపోతారు. మట్టి ఇంట్లో ఏ మూలా సరిగ్గా తొంభై డిగ్రీలు ఉండదు. నాలుగు గోడలు కొలిచి గీస్తే చివరి గోడ కలవదు. అందుకని ప్రతి అర్రలో మూల నుంచి మూలకు రెండు కర్ణాలు కూడా కొలవాలి. లెక్కల పాఠంలోని కర్ణం దేనికి పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇంతకంటె మంచి జవాబు మా దగ్గర లేదు.

గోడ మందం దర్వాజ దగ్గర తెలుస్తుంది. మా పిల్లలు తెచ్చినవి ఎక్కువగా నలభై అయిదు నుంచి అరవై సెంటీమీటర్ల మధ్య ఉన్నాయి. సూరత్‌లో వాళ్లుండే ఇంటి గోడ అందులో సగం కూడా ఉండదు. అంత మందం ఎందుకంటే, ఆ గోడ ఇటుకలు పేర్చి కట్టింది కాదు. మన్ను తడిపి, గడ్డి కలిపి, కాళ్లతో బాగా తొక్కి, ముద్దలుగా ఒక వరుస పెడతారు. అది ఆరితేగాని పై వరుస పెట్టరు. తొందరపడితే కింది వరుస ఉబ్బి కూలుతుంది. పగటి ఎండ ఆ మందాన్ని దాటి లోపలికి రావడానికి సాయంత్రమవుతుంది. అందుకే మే నెల మధ్యాహ్నం ముసలివాళ్లు లోపలి అర్రలో పడుకుంటారు, రాత్రి వాకిట్లోకి మంచం లాక్కుంటారు.

కప్పు చూడాలంటే తల ఎత్తాలి. దూలం, దాని మీద వాసాలు, వాసాల మీద పెంకులు. పాతవి గూన పెంకులు. కుమ్మరి చక్రం మీద గొట్టంలా చేసి, పచ్చిగా ఉండగానే నిలువునా రెండుగా కోసి, ఆరబెట్టి కాల్చినవి. తర్వాత వచ్చినవి అచ్చులో పోసిన చదును పెంకులు. మంగళూరులో బాసెల్ మిషన్ వారు 1865లో మొదలుపెట్టిన కార్ఖానాతో ఆ రకం దేశమంతా పాకింది. చదును పెంకు వెనక తరచు కంపెనీ పేరు అచ్చు ఉంటుంది. ఇంటి కప్పు ఎప్పుడు మారిందో తెలుసుకోవడానికి అదొక ఆధారం. కిందపడిన పెంకును తిరగేసి చూడండి. అటుక మీదికి మాత్రం ఎక్కకండి. పాత కర్ర మీ బరువు మోస్తుందన్న నమ్మకం లేదు, పైగా అక్కడ పాములుంటాయి.

పెద్దవాళ్లకు మీటర్లు పట్టవు. ‘మూడంకణాల ఇల్లు’ అంటారు. రెండు దూలాల నడుమ జాగా ఒక అంకణం. జాన, మూర, బార, గజం కూడా వస్తాయి. వాటిని మీటర్లలోకి మార్చి రాసుకోండి గానీ, వాళ్లు చెప్పిన మాటను చెరిపేయకండి. రెండూ పక్కపక్కన ఉండాలి.

పేర్ల దగ్గరికి వస్తే మా తరగతి పండగైపోయింది. కోస్తా పుస్తకాల్లో వసారా అన్నది తెలంగాణలో సాయమాను. సాయబాను అనేవాళ్లూ ఉన్నారు. నీడనిచ్చేది అనే అర్థంలో ఫారసీ నుంచి దక్కను మీదుగా వచ్చిన మాట. ద్వారబంధం దర్వాజ అయింది. గుజరాతీలో దర్వాజో అంటారు కాబట్టి ఈ మాట పిల్లలకు అర్థం చెప్పాల్సిన పనే లేకపోయింది. వాకిట్లో కూర్చునే అరుగును గుజరాతీవారు ఓట్‌లో అంటారు. పాత సూరత్ వీధుల్లో ఇప్పటికీ సాయంత్రం పూట ఆ ఓట్‌లో మీద ముసలివాళ్లు కనిపిస్తారు. మన అరుగు మీద ఏ కబుర్లు నడుస్తాయో అక్కడా అవే. కోస్తా మండువా లోగిలిలో మధ్యన ఆకాశం కనిపించే జాగా ఉన్నట్టే తెలంగాణ భవంతి ఇంట్లోనూ ఉంటుంది. అయితే భవంతి కలిగినవాళ్ల ఇల్లు. మా పిల్లల తాతలవి చిన్న ఇళ్లు. ముందు సాయమాను, నడుమ పెద్ద అర్ర, వెనక వంట అర్ర, పక్కన కొట్టం, మూల మీద నీళ్లు పోయే జాలారి. గోడలో దీపం పెట్టే దిగూడు. బట్టలు తగిలించే చిలుకకొయ్య. అంతే.

ఆ పెద్ద అర్రలో మగ్గం ఉంటుంది. నిజానికి ఇల్లంతా మగ్గం చుట్టూ కట్టిందే. గుంట మగ్గానికి నేలలో గొయ్యి తీస్తారు. నేసేవాడు గొయ్యి అంచున నేల మీద కూర్చుని, కాళ్లు లోపలికి వేలాడేసి తొక్కుళ్లు తొక్కుతాడు. నేల మట్టిది కావడం పేదరికం వల్ల మాత్రమే కాదు. అలికిన నేల, గుంటలోని చెమ్మ నూలును పొడిబారకుండా ఉంచుతాయి, పోగు ఊరికే తెగదు. సిమెంటు గచ్చు వేస్తే ఇల్లు బాగుంటుంది, మగ్గం బాగుండదు. చేనేత వాడలో వీధులు తిన్నగా, పొడుగ్గా ఉండటానికీ కారణం ఉంది. పొద్దున్నే పడుగు సాగదీసి గంజి పెట్టాలంటే అంత జాగా కావాలి. కాబట్టి చేనేత ఇంటిని కొలిచేటప్పుడు వీధిని కూడా కొలవాలి. ఈ సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. పదిమంది పిల్లలు వీధి కొలవకుండానే తిరిగొచ్చారు.

ఇంతవరకు ఏ ఊరి ఇంటికైనా వర్తించే పాఠమే. కానీ మా పిల్లల ఊళ్లు మామూలు ఊళ్లు కావు. వాటిలో చాలా ఊళ్లు 1946 నుంచి 1951 దాకా యుద్ధం చూశాయి. వెట్టిచాకిరీ, లెవీ ధాన్యం వసూళ్ల మీద నల్లగొండ, వరంగల్ జిల్లాల రైతులు తిరగబడ్డారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకు చనిపోయాక అది సాయుధ పోరాటమైంది. రజాకార్ల దాడులు పెరిగాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. దాన్ని ఊళ్లలో పోలీస్ యాక్షన్ అనే అంటారు. పోరాటం ఆ తర్వాత కూడా సాగి 1951 అక్టోబరులో ఆగింది. ఇదంతా చరిత్ర పుస్తకంలో ఉంది. అయితే ఆ అయిదేళ్లు ఇళ్లకు ఏం చేశాయో పుస్తకంలో ఉండదు.

కొన్నిచోట్ల పైకే కనిపిస్తుంది. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లిలో ఊరి మధ్య బురుజు ఉంది. దక్కనులో చాలా ఊళ్లకు ఇలాంటి కాపలా బురుజులు ఉండేవి. బైరాన్‌పల్లివాళ్లు ఆ బురుజు మీద కాపలా ఉండి రజాకార్ల దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు, నిజాం సైన్యం కలిసి ఊరి మీద పడి బురుజును ఫిరంగులతో కొట్టారు. ఆ ఒక్కరోజు ఎనభై మందికి పైగా చనిపోయారు. బురుజు ఇంకా నిలబడే ఉంది, చూడటానికి జనం వెళ్తుంటారు. దొరల గడీలు కూడా అంతే. కొన్ని కూలిపోయినా, కొన్ని బడులుగా మారినా, వాటికి ఫొటోలు దొరుకుతాయి. రాసినవాళ్లూ ఉన్నారు. ఆ గడీ గోడలకు వెట్టికి మన్ను మోసినవాడి ఇల్లు ఎంత పొడుగు, ఎంత వెడల్పు అని అడిగితే నక్షా చూపించేవారు దొరకరు. ఆ ఇల్లు కొలిచే అవకాశం ఇప్పుడు ఎవరికైనా ఉందంటే, సెలవులకు అక్కడికి వెళ్లే మనుమడికే.

తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు సిద్దిపేట వైపు ఊరికి వెళ్లాడు. అతని ఇల్లు దసరా తర్వాత కూల్చాలని నిర్ణయమైపోయింది. స్లాబు ఇంటికి డబ్బు సూరత్ నుంచి, వాళ్ల బాపు, చిన్నాయన సాంచాల మీద సంపాదించింది. అతనికి నాలుగు రోజులు దొరికాయి. తెచ్చిన నక్షాలో మూడు గోడలకు ‘మట్టి’ అని, ఉత్తరం గోడ పైభాగానికి ‘ఇటుక’ అని రాశాడు. మట్టి గోడ మీద ఇటుక ఎందుకు పెడతారని మాకు అనుమానం వచ్చింది. ఫోనులో తాతను అడిగించాం. ‘‘ఇటుక గాదు బిడ్డా, అది కాలిన మన్ను’’ అన్నాడాయన.

ఆ ఇంటికి అప్పట్లో గడ్డి కప్పు. రజాకార్లు వచ్చిన ఏడు కప్పుకు నిప్పు పెట్టారని, గోడలు మిగిలాయని, వానలు వెనకబడ్డాక వాటి మీదే మళ్లీ వాసాలు వేశారని తన తండ్రి చెప్పినట్టు తాత చెప్పాడు. అబ్బాయి తనకు తెలియకుండానే గోడ నుంచి రాలిన ఎర్రటి పెళ్ల ఒకటి జామెట్రీ డబ్బాలో వేసుకొచ్చాడు. సైన్సు ల్యాబులో రెండు బీకర్లు అడిగి తెచ్చుకున్నాం. ఒకదానిలో అదే ఇంటి మామూలు గోడ మన్ను, ఇంకోదానిలో ఎర్ర పెళ్ల వేసి నీళ్లు పోశాం. పచ్చి మన్ను పీరియడ్ అయిపోయేలోపు కరిగి అడుక్కు చేరింది. ఎర్ర పెళ్ల మర్నాడు కూడా అలాగే ఉంది. కుండ ఎందుకు కరగదో అదీ అందుకే కరగలేదు. గోడకు జాజు పూసినా ఎరుపే కనిపిస్తుంది కదా అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. జాజు పైపూత, గోరుతో గీకితే పోతుంది. కాలిన ఎరుపు లోపలికి దిగి ఉంటుంది. ఈ పెళ్లలో అది వేలు మందాన ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. కాలిన మన్ను నిప్పు అంటుకుందని మాత్రమే చెబుతుంది. ఎవరు పెట్టారో చెప్పదు. వంటింటి నిప్పురవ్వకూ గడ్డి ఇల్లు కాలిపోతుంది. తాత మాట, గోడ ఎరుపు రెండూ కలిశాయి కాబట్టి రెండింటినీ రాసుకున్నాం. ఏది చూసింది, ఏది విన్నది అని వేరువేరు రంగుల్లో రాశాం. తాత కూడా కళ్లతో చూడలేదు, తండ్రి చెబితే విన్నాడు. అదీ రాశాం. ఆవేశం వచ్చినప్పుడు ఈ తేడా చెరిగిపోతుంది, అందుకే ముందే రంగులు పెట్టుకోవడం మంచిది.

మరి ఆ ఇంటిని కూల్చవద్దని చెప్పాలా? తరగతిలో సగంమంది చెప్పాలన్నారు. మేము ఒప్పుకోలేదు. వానాకాలం ఆ ఇంట్లో పడుకునేది మనం కాదు. పెంకుల సందుల్లోంచి కారే నీళ్లకు గిన్నెలు పెట్టేది ఆ నాయనమ్మ. ఆమె స్లాబు కోరుకుంటే అది ఆమె హక్కు. పాత ఇంటి ఫొటో గోడకు తగిలించుకొని, అందులో ఉండమని ఇంకొకరికి నీతి చెప్పేవాళ్లను చాలా ఊళ్లలో చూశాం. కూల్చే ముందు నాలుగు రోజులు టేపు పట్టుకోనివ్వమని మాత్రం అడగవచ్చు. అంతకంటె ఎక్కువ అడగడం మాకు న్యాయంగా తోచలేదు.

కాగితం మీది ఇల్లు దేనికి పనికొస్తుందని అడిగే పెద్దవాళ్లు కూడా ఉన్నారు. పోలండ్ రాజధాని వార్సా పాతబస్తీ 1944లో దాదాపు నేలమట్టమైంది. అక్కడి సాంకేతిక విశ్వవిద్యాలయంలో వాస్తుకళ చదివే విద్యార్థులు, ఉపాధ్యాయులు కొలిచి గీసిన నక్షాలు యుద్ధంలో దాచిపెడితే మిగిలాయి. పాత చిత్రపటాలతో పాటు ఆ నక్షాలు చూసుకుంటూ బస్తీని తిరిగి కట్టారు. 1980లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. మనదేశంలో చెన్నై దగ్గరి దక్షిణచిత్రలో ఊళ్ల నుంచి పాత ఇళ్లను విప్పి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. వాటిలో నల్లగొండ వైపు చేనేత ఇల్లు కూడా ఉంది. మన ఇళ్లకు అంత యోగం పట్టకపోవచ్చు. కానీ నక్షా లేని ఇంటికి ఆ అవకాశం అసలే ఉండదు.

ఇల్లే లేకపోతే? ఈ ప్రశ్నతో మళ్లీ చివరి బెంచీ అమ్మాయి దగ్గరికి రావాలి. వాళ్లు ఈ వేసవిలో ఊరికి పోలేదు. పోయినా లాభం లేదు, ఆ ఇల్లు కూలి ఇరవై ఏళ్లు దాటింది. ఉన్నది వాళ్ల అవ్వ ఒక్కతే, నిజానికి ఆ అమ్మాయి తాతకు తల్లి. ఎనభై అయిదు దాటాయి. పర్వత్ పాటియాలో మనుమడి దగ్గర ఉంటుంది. ఒక ఆదివారం సాయంత్రం ఏడుగురం వాళ్ల డాబా మీదికి చేరాం. గళ్ల కాగితం ఇస్తే ఆమె పక్కన పెట్టేసింది. ముగ్గు డబ్బా తెమ్మంది.

‘‘గిదిగో, గీడ కడప’’ అని పిండితో ఒక గీత వేసింది. వీధి ఎటో చూసుకొని, ఆ గీత దాటి లోపలికి నడవడం మొదలుపెట్టింది. నడుస్తూ గోడలు పోస్తోంది. బొమ్మ కాదు, నిలువెత్తు ఇల్లే. ఎన్ని అడుగులు వేసిందో ఒకరు లెక్కపెట్టారు, ఇద్దరు వెనకాల టేపు పట్టారు. సాయమాను అయింది, పెద్ద అర్ర అయింది. వంట అర్రకు వచ్చేసరికి డాబా అయిపోయింది. పక్కింటివాళ్లను అడిగి, పిట్టగోడ అవతలికి పిల్లలు దూకి, ఆమె చెప్పినట్టు అక్కడ గీతలు పోశారు. అలా వంట అర్ర ఒక గుజరాతీ కుటుంబం డాబా మీద పడింది. వాళ్లు ఇంటిల్లిపాదీ వచ్చి చూసి, కడప గీతను తొక్కకుండా పక్కనుంచి వెళ్లారు. ఎవరూ చెప్పలేదు.

మూలన పాతర ఉండేదని చెప్పింది. నేలలో గొయ్యి తీసి జొన్నలు పోసి మూత మీద అలికేస్తే లెవీ గింజలకు వచ్చినవాళ్లకు కనిపించదు. అదే ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన కింద వీధిలో ఉంటాడు. ఆయన్నీ పిలిపించాం. పాతర ఆ మూలన కాదు, కొట్టంలో ఉండేదన్నాడాయన. ‘‘నీ ఇంట్ల కొట్టం కింద, నా ఇంట్ల అర్ర మూలకు’’ అంది అవ్వ. ఎవరిది సరో తేలలేదు. నక్షాలో రెండుచోట్లా చుక్కల గీతతో గుండ్రంగా గీసి, ఎవరు చెప్పారో పక్కన రాశాం. పిల్లలకు ఇది నచ్చలేదు, ఒకటే జవాబు కావాలని వాళ్ల అలవాటు. పరీక్షలు మనమే అలా పెడుతున్నాం మరి.

మగ్గం గుంట దగ్గర ఆమె ఆగింది. చిన్న చతురస్రం పోసింది. లోతు ఎంత అవ్వా అని అడిగాం. ‘‘నేను కూసుంటే తల మునిగేది’’ అంది. గుంటలో పిల్లలు ఎందుకు కూర్చుంటారో మాకు ముందు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. ఊళ్లోకి రజాకార్లు వచ్చారని కేక వినగానే వాళ్లమ్మ ఆమెను, చెల్లెలిని మగ్గం గుంటలోకి దించి, పైన చాప వేసి, చాప మీద నూలు కండెల గంప పెట్టింది. అప్పుడు ఆమెకు ఎనిమిదేళ్లు ఉండొచ్చు. మర్నాడు బడిలో ఎనిమిదేళ్ల మూడో తరగతి పాపను నేల మీద కూర్చోబెట్టి కొలిచాం. అరవై నాలుగు సెంటీమీటర్లు. గుంట లోతు రెండడుగుల పైచిలుకు అని రాసుకున్నాం. గుంట మగ్గానికి సరిపోయే లోతే అది.

లోపల ఎంతసేపు ఉన్నారని ఒక అబ్బాయి అడిగాడు. ఆమె జవాబు చెప్పలేదు. వంగి, ఆ చతురస్రం నిండా ముగ్గు పిండి పోసింది. పుస్తకాలు మూసెయ్యమని పిల్లలకు సైగ చేశాం. చాయ తాగి, సాంచాల గురించి, మనుమరాలి మార్కుల గురించి మాట్లాడి దిగి వచ్చాం. కొలిచే పనిలో ఇది కూడా నేర్చుకోవలసిందే. పెద్దవాళ్లు ఆగిన చోట మనమూ ఆగాలి. మళ్లీ ఎప్పుడైనా వాళ్లే చెబితే వినాలి, చెప్పకపోతే ఆ గడి ఖాళీగానే ఉండాలి. వాళ్ల పేర్లు, ఊరి పేరు వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా రాయకూడదు. ఈ వ్యాసంలో మేమూ రాయలేదు.

ఏ సంవత్సరం అని అడిగితే జవాబు రాదు. దానికి ఉపాయం ఉంది. రజాకార్ల కంటె ముందా, తర్వాతా? పోలీస్ యాక్షన్ నాటికి ఈ గోడ ఉందా? అలా అడిగితే చెబుతారు. సూరత్‌లో కూడా ఇదే పద్ధతి పనిచేసింది. 1994లో ప్లేగు భయంతో జనం ఊరొదిలి పరుగెత్తినప్పుడు అవ్వ ఇల్లు ఇంకా నిలబడి ఉంది, అందరూ అక్కడికే వెళ్లి తలదాచుకున్నారు. 2006లో తాపీ వరద వచ్చి సూరత్ మునిగినప్పుడు వెళ్దామంటే ఇల్లు లేదు. అంటే ఆ రెండు ఆపదల మధ్య ఎప్పుడో కూలింది. కాగితాలు లేని ఇంటికి ఇంతకంటె దగ్గరగా తేదీ దొరకడం కష్టం.

మా పొరపాటు ఒకటి చెప్పి ముగిస్తాం. అయిదారేళ్ల కిందట, వేరే పోస్టింగులో ఉండగా సెలవులకు వెళ్తూ దారిలో ఒక పాత పెంకుటిల్లు నచ్చి ఆగాం. యాభైకి పైగా ఫొటోలు తీశాం. కొయ్య చెక్కడాలు, గూళ్లు, పెద్ద గాదె అన్నీ వచ్చాయి. ఇంటివాళ్లు మజ్జిగ ఇచ్చారు, ఎన్నో సంగతులు చెప్పారు. తర్వాత రాసుకుందాంలే అనుకున్నాం. బదిలీ వచ్చింది, సామాను సర్దుడు వచ్చింది. ఇప్పుడు ఆ ఫొటోలు ఉన్నాయి గానీ ఊరి పేరు గుర్తు లేదు. ఏ ఫొటో ఏ అర్రదో తెలియదు. ఒక ఫొటోలో ఇంటావిడ చెయ్యి ఒక కొయ్య వైపు చూపిస్తోంది, దాని పేరు చెబుతోందని తెలుస్తోంది. ఆ పేరు ఏమిటో ఫొటోలో లేదు. అందుకే మా పిల్లలకు పెట్టిన నియమం ఒకటే. ఆ రోజు రాత్రి పడుకునేలోపు ప్రతి ఫొటోకు, ప్రతి కొలతకు పక్కన ఊరు, తేదీ, చెప్పినవారు, చెప్పిన మాట చెప్పినట్టుగా రాయాలి. కడప అంటే కడప అనే రాయాలి, గడప అని దిద్దకూడదు.

డాబా మీది ముగ్గు మర్నాటి గాలికి సగం పోయింది. కొలతలు మిగిలాయి కాబట్టి గళ్ల కాగితం మీదికి ఎక్కించి, సిరాతో దిద్ది, వారం తర్వాత అవ్వకు చూపించాం. ఆమె కాగితాన్ని రెండుసార్లు తిప్పింది. కడప ఎటుందో చూసుకుంది. తర్వాత మగ్గం మీద వేలు పెట్టింది. మేము దాన్ని గోడ వైపు మొహం పెట్టి గీశాం.

‘‘గిట్ల గాదు సారూ. మగ్గం మీద కూసున్నోనికి వాకిట్ల ఎవరొచ్చిండ్రో కనబడాలె.’’

మగ్గాన్ని దర్వాజ వైపు తిప్పి మళ్లీ గీశాం. అలా తిప్పితే వెలుతురు ఏ కిటికీలోంచి వచ్చేదో ఇంకా తేలలేదు. అవ్వకు కూడా వెంటనే గుర్తు రాలేదు. వచ్చే ఆదివారం ముగ్గు డబ్బాతో మళ్లీ రమ్మంది.